నైటింగేల్ గ్రంథానికి కరోనా పెట్టిన పరీక్ష

శాస్త్ర గ్రంథాలకు రెండు రకాల పరీక్షలు ఉన్నవి. పండితులు పెట్టేది ఒకటి, కాలం పెట్టేది రెండవది. మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో ఓడిపోయిన గ్రంథాలు అనేకం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వ్రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే చిన్న పుస్తకానికి ఈ రెండవ పరీక్ష నూట అరవై ఏండ్ల తరువాత మరొకసారి ఎదురైనది. నైటింగేల్ 1820 మే 12న జన్మించినది. ఆమె ద్విశత జయంతిని పురస్కరించుకొని ప్రపంచ ఆరోగ్య సభ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించినది. ఉత్సవాల ఏర్పాట్లు సాగుతుండగానే, ఆ ఏడు మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా వ్యాధిని ప్రపంచ మహమ్మారిగా పేర్కొన్నది. ఉత్సవం ఆగినది; పరీక్ష మొదలైనది.

ఆ పరీక్ష లండను నగరానికే పరిమితం కాలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆస్పత్రులలోనూ జరిగినది. బెంగుళూరు పోయే రైలు మార్గంపైన ఉన్న ఈ మూడు పట్టణాలు అప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేవి; 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. 2020 మార్చి చివరి వారంలో అనంతపురం జిల్లాలో వ్యాధి మొదట బయటపడిన తావులలో హిందూపురం ప్రాంతం ఒకటి. నైటింగేల్ చెప్పిన సూత్రాలలో ఏవి ఈ ఊళ్ళ వార్డులలో నిలిచినవి? ఏవి వీగిపోయినవి? ఆమె చెప్పక విడిచినవి ఏవి? మన పాఠశాలల్లో దీపం పట్టుకొన్న దయామయి కథ తరచు చెప్పబడుతున్నది గాని, ఆమె వ్రాసిన దానిని విమర్శదృష్టితో చూడడం అరుదు. కాబట్టి ఈ ప్రశ్నలు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఉపయోగపడగలవు.

గ్రంథ స్వరూపం

ఇది పదమూడు ప్రకరణాల పుస్తకం. గాలి, ఇంటి ఆరోగ్యం, చప్పుడు, ఆహారం, పడక, వెలుతురు, శుభ్రత, రోగిని గమనించడం మొదలైనవి ఇందలి విషయాలు. నర్సులకు పాఠ్యగ్రంథంగా దీనిని వ్రాయలేదని రచయిత్రి పీఠికలోనే చెప్పుకొన్నది. ఇంట్లో జబ్బుపడిన వారిని చూచుకొనే స్త్రీలకోసం ఉద్దేశించిన సూచనలివి. వ్యాధిని నయం చేసేది ప్రకృతి; ఆ ప్రకృతి పనికి అడ్డు లేకుండా రోగిని మంచి స్థితిలో ఉంచడమే పరిచర్య. గ్రంథానికి ఇదే మూలసూత్రం.

ఈ సూత్రం ఊహనుండి పుట్టినది కాదు. క్రిమియా యుద్ధంలో స్కుటారి సైనిక ఆస్పత్రిలో 1855 ఫిబ్రవరి నాటికి రోగులలో నూటికి 42 మంది వరకు మరణించేవారు. జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి 2కు దిగినది. కథలు ఈ మార్పు అంతా దీపం మహిమ అన్నట్లు చెప్పును. వాస్తవమేమనగా, ఆ మార్చిలో బ్రిటన్ నుండి వచ్చిన పారిశుద్ధ్య సంఘం ఆస్పత్రి క్రింది మురుగు కాల్వలను కడిగించి, కిటికీలు తెరపించి, నీటిని బాగుచేయించినది. యుద్ధం ముగిసిన తరువాత నైటింగేల్ ఈ మరణాల లెక్కలను విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞునితో కూర్చుండి పరిశీలించినది. తన గ్రంథంలో గాలికి మొదటి ప్రకరణం, మొదటి స్థానం ఇచ్చుటకు ఆ లెక్కలే ప్రేరకాలు. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 1858లో సభ్యత్వమిచ్చిన తొలి మహిళ ఆమెయే. ఆమె చేతిలో దీపం కన్న పెన్సిలు ఎక్కువ ప్రాణాలు కాపాడినదని చెప్పినా తప్పులేదు.

గాలి: సలహా సరి, కారణం తప్పు

రోగి పీల్చే గాలి బయటి గాలివలె స్వచ్ఛంగా ఉండవలెననేది గ్రంథంలోని మొదటి నియమం. కరోనా దీనికి గట్టి సాక్ష్యం పలికినది. ఆ వైరస్ కణం వ్యాసం సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు. దగ్గు, తుమ్ము, మాట, ఊపిరి, వీటన్నిటితోను వెలువడే సన్నని తుంపరలలో అది ప్రయాణం చేయును. పెద్ద తుంపరలు త్వరగా నేలకు రాలిపోవును. బహుసూక్ష్మమైనవి గాలిలో తేలుచు, గది మూసి ఉన్నచో గంటల తరబడి నిలుచును. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధి గాలిలో వ్యాపించదని ప్రకటించినది. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసినదిగా బహిరంగంగా కోరినారు. 2021 నాటికి ఆ సంస్థ గాలిద్వారా వ్యాప్తిని స్పష్టంగా అంగీకరించినది. విక్టోరియా రాణి కాలపు పుస్తకం కిటికీ తెరువుమని చెప్పుచుండగా, ఇరువదియొకటవ శతాబ్దపు సంస్థ ఏడాదికి పైగా తటపటాయించుట గమనింపదగినది.

అయితే కిటికీ తెరచినంత మాత్రాన చాలునా? కొంచెం లెక్క వేసి చూడవచ్చును. ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల వార్డు గది ఘనపరిమాణం 120 ఘనమీటర్లు. గంటకు ఆరుసార్లు గాలి మారినచో 720 ఘనమీటర్ల గాలి వచ్చినట్లు. అనగా సెకనుకు 200 లీటర్లు. కిటికీలపై ఆధారపడిన సాధారణ వార్డులలో ఒక్కొక్క రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది. ఆ లెక్కన ఈ గది ముగ్గురికి చాలును. అందులో ఎనిమిది మంచాలు వేసినచో గంటకు పదునాలుగు సార్లకు పైగా గాలి మారవలెను.

గాలి మార్పు ఫలితం కూడ లెక్కకు అందును. గదిలో గాలి బాగా కలసిపోవునని అనుకొన్నచో, గంటకు ఒకసారి మాత్రమే గాలి మారే గదిలో, గంట గడిచిన తరువాత కూడ మొదటి తుంపరలలో నూటికి 37 పాళ్ళు మిగిలి ఉండును. గంటకు ఆరుసార్లు మారే గదిలో వేయింటికి రెండో మూడో పాళ్ళు మిగులును. నర్సు వార్డులో ఉండే ఆరు గంటలలో ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఇంత సరియైన సలహాకు నైటింగేల్ చూపిన కారణం మాత్రం సరియైనది కాదు. కుళ్ళిన పదార్థాలనుండి, మురుగునుండి, మూసిన గదులనుండి పుట్టే చెడుగాలియే రోగాలకు మూలమని ఆమె నమ్మినది. ఆ గాలిలో ఉన్నది దుర్గంధమే గాని, జీవకణాలు కావని ఆమె భావం. వాసన లేని గదిలో కూడ వైరస్ ఉండునని, వాసనగల గదిలో అది లేకపోవచ్చునని నేడు విద్యార్థులకు తెలియును.

సలహాలో దేశభేదం కూడ ఉన్నది. కిటికీ తెరచినపుడు రోగికి చలి తగులకుండ చూడుమని గ్రంథం పదేపదే హెచ్చరించును. మే నెలలో ధర్మవరంలో కిటికీ తెరచినచో లోపలికి వచ్చేది చలి కాదు, వడగాలి. ఇచట తెల్లవారుజామున, రాత్రివేళ కిటికీలు బార్లా తెరచి, పగలు నీడగల వైపు మాత్రమే తెరచుట మేలు. మరియొకటి: రోగికి వేరే గది ఉండునని గ్రంథం నమ్మకం. ధర్మవరం పట్టుచీరలు నేసే ఇండ్లలో గుంటమగ్గమే ఇంటిలో పెద్ద చోటు ఆక్రమించును. పని, వంట, నిద్ర దాని చుట్టునే సాగును. అట్టి ఇంట్లో జబ్బుపడినవానిని వేరుగా ఉంచుమన్న సలహా కాగితంపైన మాత్రమే నిలుచును. ఇంగ్లండులోని గదులు, పనివారు గల కుటుంబాన్ని మనసులో పెట్టుకొని వ్రాసిన గ్రంథం ఇది. ఈ పరిమితి దాని ప్రతి పుటలోనూ కనబడును.

అంటువ్యాధి విషయంలో పొరపాటు

గ్రంథంలోని పెద్ద దోషం అంటువ్యాధులను గూర్చినది. వ్యాధులు కుక్కలు పిల్లులవలె వేరు వేరు జాతులనియు, ఒక రోగినుండి మరొకరికి మాత్రమే వచ్చుననియు చెప్పే వాదాన్ని నైటింగేల్ ఎగతాళి చేసినది. మూసిన గదులలో మశూచి తనంతట తాను పుట్టుట చూచితినని ఆమె సాక్ష్యం. చరిత్ర దీనికి నేరుగా సమాధానం చెప్పినది. మశూచి మనిషినుండి మనిషికే వచ్చును గాని, తనంతట తాను పుట్టదు అనే సిద్ధాంతంపైననే ప్రపంచం దానిని తరిమినది. రోగిని వెదకి, అతని చుట్టు ఉన్నవారికి టీకాలు వేసి, గొలుసును తెంచినారు. భారతదేశంలో చివరి కేసు 1975లో వచ్చినది. 1980లో ప్రపంచమంతట మశూచి నిర్మూలమైనదని ప్రకటన వెలువడినది. నైటింగేల్ మాట నిజమైనచో ఇది అసాధ్యం.

ఆమె కాలంలోనే ఇతరులు సరియైన దారి పట్టినారు. వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లో వైద్యుల చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించినాడు. లండనులో జాన్ స్నో 1854లో కలరాకు త్రాగునీటి పంపును పట్టుకొన్నాడు. కోఖ్ 1882లో క్షయ సూక్ష్మజీవిని చూపినాడు. నైటింగేల్ జీవించి ఉండగానే, 1898లో, ప్లేగు రైలు మార్గాన బెంగుళూరు చేరినది. దుర్గంధం రైలెక్కి రాదు. వ్యాధిని మోసే జీవులే రాగలవు. తరువాతి కాలంలో ఆమె తన అభిప్రాయాన్ని కొంత సవరించుకొన్నది గాని, గ్రంథంలోని మాట అట్లే నిలిచిపోయినది.

అయినను ఆమె ఎందుకు అట్లు పట్టుబట్టినదో తెలిసికొనుట న్యాయం. అంటువ్యాధి భయం మనుష్యులను రోగి దగ్గరనుండి పారిపోవునట్లు చేయునని ఆమె ఆవేదన. ఈ భయం విషయంలో ఆమె పొరబడలేదు. 2020లో దేశంలో అనేకచోట్ల అద్దె ఇండ్ల యజమానులు నర్సులను ఇల్లు ఖాళీ చేయుమన్నారు. కొన్నిచోట్ల వైద్య సిబ్బందిపైన దాడులు జరిగినవి. ముంబయి ప్లేగు సమయంలో పుట్టిన 1897 నాటి అంటురోగాల చట్టాన్ని సవరిస్తూ కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. వైద్య సిబ్బందిపై దాడి చేసి తీవ్రంగా గాయపరచిన వారికి ఏడేండ్లవరకు జైలుశిక్ష దానిలో ఉన్నది. అంటును నమ్మవలెను, అంటినవానిని వెలివేయరాదు. నైటింగేల్ రెండవ సగం గ్రహించి మొదటి సగం పోగొట్టుకొన్నది. 2020లో కొందరు మొదటి సగం గ్రహించి రెండవది పోగొట్టుకొన్నారు.

గమనిక: గ్రంథంలో ఉత్తమ భాగం

రోగిని గమనించడంపైన వ్రాసిన ప్రకరణం నేటికీ వన్నె తగ్గలేదు. ‘కొంచెం నయంగా ఉన్నది’ వంటి మాటలు పనికిరావని, ఎంత తిన్నాడు, ఎన్నిగంటలు నిద్రించినాడు, ఏది మారినది అనే వాస్తవాలు కావలెనని ఆమె పట్టుదల.

కరోనాలో ఈ పట్టుదల ప్రాణావసరమైనది. కొందరు రోగులు మామూలుగా మాట్లాడుచునే ఉందురు, కాని రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోయి ఉండును. కంటికి తెలియని ఈ స్థితిని పట్టేది వేలికి తగిలించే చిన్న ఆక్సీమీటరు. దీని సూత్రాన్ని 1974లో కనుగొన్నవాడు తకువో అయోయాగి అనే జపాన్ ఇంజనీరు. ఈ పరికరం ఇంటింట అవసరమైన 2020 ఏప్రిల్‌లోనే ఆయన మరణించినాడు. ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్, మోయని హిమోగ్లోబిన్ కాంతిని వేరువేరుగా పీల్చుకొనును. ఒక ఎరుపు కిరణం, ఒక పరారుణ కిరణం వేలిగుండా పంపి, నాడి కొట్టుకొన్నప్పుడు వచ్చే తేడానుబట్టి యంత్రం లెక్క కట్టును.

కాని యంత్రమే గమనిక కాదు. వేలు చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా అంకె తప్పవచ్చును. నల్లని చర్మం గలవారిలో ఈ యంత్రం ఉన్నదానికంటె ఎక్కువ చూపే అవకాశమున్నదని అమెరికాలో 2020 డిసెంబరులో ఒక అధ్యయనం వెల్లడించినది. మన ప్రాంతంవారికి ఇది పట్టని సంగతి కాదు. యంత్రం 94 చూపుచున్నను, నిమిషానికి ముప్పదిసార్లు ఊపిరి తీసే రోగిని ‘బాగున్నాడు’ అనరాదు. శ్వాసలు లెక్కించుట నర్సు కంటికి, గడియారానికి వదలిన పని. 

గమనిక రోగితో ఆగదు, సిలిండరు దాకా పోవును. ఆస్పత్రులలో వాడే పెద్ద సిలిండరులో సుమారు ఏడు ఘనమీటర్ల, అనగా ఏడువేల లీటర్ల ప్రాణవాయువు ఉండును. నిమిషానికి పది లీటర్లు కావలసిన ఒక రోగికి అది 700 నిమిషాలు, అనగా పదకొండు గంటల నలుబది నిమిషాలు వచ్చును. అట్టి రోగులు పదిమంది ఉన్నచో డెబ్బది నిమిషాలే. వత్తిడి ముల్లు పడిపోవుచున్నదని చూచుట, కబురు చేయుట, మార్పించుట, ఆ మధ్య కాలంలో రోగులను ధైర్యంగా ఉంచుట, ఇవన్నీ ఆ డెబ్బది నిమిషాలలో జరగవలెను. 2021 మే మొదటి వారంలో హిందూపురం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు పలువురు రోగులు మరణించగా, ప్రాణవాయువు చాలకపోవుటే కారణమని బంధువులు ఆరోపించినారు, అధికారులు కాదన్నారు. ఆ వివాదం ఎట్లున్నను, ఒక సంగతి స్పష్టం. నర్సు ఎంత నిశితంగా గమనించినను, మార్చుటకు నిండు సిలిండరు లేనప్పుడు ఆ గమనిక రోగిని కాపాడజాలదు. పరిచర్య నర్సు గుణాలపైననే ఆధారపడునని తోపింపజేసే నైటింగేల్ గ్రంథం ఈ సందర్భానికి జవాబు చెప్పదు.

ఉత్త మాటల ఓదార్పు

‘మీకేం ఫరవాలేదు’ అని రోగికి ఊరికే ధైర్యం చెప్పేవారిని నైటింగేల్ ఒక ప్రకరణంలో తీవ్రంగా తప్పుపట్టినది. అది రోగి భయాన్ని తగ్గించదు, అతనిని ఒంటరివానిని చేయును అని ఆమె భావం. కరోనా వార్డులో బంధువులకు ప్రవేశం ఉండేది కాదు. రోగి కనుచూపు మేర ఉన్నవారందరు తెల్లని తొడుగులలో, ముఖాలు కనబడక, ఒకరివలెనే మరొకరు ఉండేవారు. నర్సు గొంతు ఒక్కటే గుర్తు. హిందూపురం కర్ణాటక సరిహద్దు పట్టణం. అచటి వార్డులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడును వినబడును. ఎవరికి ఏ భాషలో నిజం చెప్పవలెనో తెలిసియుండుట మందుతో సమానమైన నైపుణ్యం. ఇంటివారికి ఫోనులో రోగి ముఖం చూపించుట, బోర్లా పడుకొన్నచో ఊపిరితిత్తుల వెనుక భాగానికి గాలి బాగా అందునని వివరించి ఒప్పించుట ఈ నైపుణ్యంలోనివే. ఈ ప్రకరణంలో నైటింగేల్ తన కాలాన్ని దాటినది.

గ్రంథం మరచిన మనిషి

ఇంతగా రోగిని గూర్చి వ్రాసిన గ్రంథంలో నర్సు శరీరం ఎక్కడా కానరాదు. ఆమెకు అలసట, దాహం, జబ్బు ఉండునన్న ప్రసక్తియే అరుదు. కరోనా ఈ లోటును ఎత్తిచూపినది. 2020 ఏప్రిల్‌లోనే అనంతపురం ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యులకు, నర్సులకు వ్యాధి సోకినది. ధర్మవరం సమీపాన బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థ నడుపుచున్న ఆస్పత్రి కరోనా చికిత్సకు కేటాయింపబడినది. పెనుకొండ కొండ రాళ్ళు నిప్పులు చెరిగే వేసవిలో ఈ ఆస్పత్రుల సిబ్బంది నిలువెల్ల కప్పే తొడుగులు ధరించి పనిచేసినారు.

ఆ తొడుగులో శరీరానికి ఏమగునో భౌతికశాస్త్రం చెప్పును. ఒక గ్రాము చెమట ఆవిరి అగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడిని అది చర్మంనుండి తీసికొనును. మనకు చల్లదనం కలిగేది చెమట పట్టుటవలన కాదు, ఆరుటవలన. గాలి చొరని తొడుగులో చెమట ఆరదు, కారిపోవును. శరీరం నీరు పోగొట్టుకొనును గాని చల్లబడదు. తొడుగు విప్పి మరల వేసికొనుట ప్రమాదం గనుక, గంటల తరబడి నీళ్ళు త్రాగక, మరుగుదొడ్డికి పోక నర్సులు పనిచేసినారు. నెలసరి రోజులలో ఈ బాధ ఇనుమడించును. తొడుగును విప్పే సమయమే అంటుకు అతి ప్రమాదకరమైన సమయం; అలసిన చేయి అప్పుడే పొరపడును. కనుక పని గంటలు తగ్గించుట నర్సుపై చూపే దయ కాదు, వ్యాధి వ్యాప్తిని ఆపే శాస్త్రీయమైన పద్ధతి.

ప్రతి స్త్రీయు ఎప్పుడో ఒకప్పుడు నర్సే అన్న ధోరణిలో గ్రంథం ఆరంభమగును. ఈ మాటలో గౌరవం ఉన్నది, ప్రమాదమూ ఉన్నది. పరిచర్య స్త్రీకి సహజగుణమైనచో దానికి శిక్షణ ఎందుకు, తగిన వేతనమెందుకు అనేవారు బయలుదేరుదురు. 2020 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో అప్పటికి సుమారు 2 కోట్ల 80 లక్షల మంది నర్సులు ఉండేవారు. వారిలో నూటికి దాదాపు తొంబై మంది స్త్రీలు. ఇంకను 59 లక్షల మంది కొరత ఉండేది. 2020 మార్చి 22 సాయంకాలం దేశమంతట వీరికోసం చప్పట్లు కొట్టినారు; మే 3న ఆస్పత్రులపై హెలికాప్టర్లనుండి పూలు చల్లినారు. మహమ్మారి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో అనేకమంది నర్సులను తాత్కాలిక పద్ధతిపైననే పనిలోకి తీసికొన్నారు. దేవత అన్నవారికి జీతం లెక్క అడుగుట తప్పుగా తోచును. శిక్షణ పొందిన నిపుణురాలు అన్నచో ఆ లెక్క సహజంగా వచ్చును. న్యాయంగా చెప్పవలెనన్న, నైటింగేల్ స్వయంగా 1860లో లండనులో శిక్షణ పాఠశాల పెట్టించి తన గ్రంథంలోని ఈ లోపాన్ని ఆచరణలో దిద్దుకొన్నది. మదరాసు ప్రభుత్వ ఆస్పత్రిలో 1871లో నర్సుల పాఠశాల వెలసినది. కథలో దీపం నిలిచినది, పాఠశాల మరుగున పడినది.

తీర్పు

గాలిని గూర్చిన సలహా, గమనిక, రోగితో నిజం పలుకుట, ఈ మూడును పరీక్షలో నెగ్గినవి. అంటువ్యాధిని గూర్చిన వాదం పూర్తిగా వీగిపోయినది. నర్సు శరీరం, ఆమె వేతనం, ఆమెకు అందవలసిన సామగ్రి అనే మూడు ప్రకరణాలు గ్రంథానికి కొత్తగా చేర్చవలసి ఉన్నవి. వాటికి కావలసిన ఆధారాలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి ఊళ్ళలో పనిచేసిన నర్సుల అనుభవంలో ఉన్నవి.

ఉపాధ్యాయులు ఈ గ్రంథాన్ని ఉదాహరణగా తీసికొన్నచో, సరియైన ఫలితం సరియైన కారణానికి రుజువు కాదన్న శాస్త్ర నియమాన్ని సులభంగా బోధింపవచ్చును. పిల్లలచేత తమ తరగతి గది కొలిపించి, ఘనపరిమాణం కట్టించి, అందులో ఎంతమంది కూర్చుండుచున్నారో, ఎదురెదురుగా కిటికీలు ఎన్ని ఉన్నవో, వాటిలో నిజంగా తెరచుకొనేవి ఎన్నో వ్రాయించుట మంచి అభ్యాసం. పక్కనున్న ఆస్పత్రిలో పనిచేసే నర్సును ఒకనాడు పాఠశాలకు పిలిపించి, పూలదండకు బదులు ప్రశ్నలు వేయించుట ఇంకను మంచిది.